తన పేరుతో సంతకం

జూన్ 9

ఈరోజు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు, మేడం లేరా అని. ముగ్గురికీ ఊరెళ్ళిందనే చెప్పాను. ఒకావిడ, "పోన్లెండి, ఎప్పుడూ ఆ కుర్చీకే అతుక్కుపోయి ఉంటారు, కాస్త తిరిగి రానివ్వండి" అంది. అలాగేనన్నాను.

ఏప్రిల్‌లో తను చనిపోయింది.

రాసి చూశాను, రాస్తే ఎలా ఉంటుందోనని. ఏమీ లేదు. మామూలు వాక్యంలాగే ఉంది. నోటితో మాత్రం రావడం లేదు. బంధువులందరికీ వదినే ఫోన్లు చేసి చెప్పింది, తన అక్క. మా కంప్యూటర్ ప్రోగ్రాం వాడేవాళ్ళు మాత్రం నా వంతుకి మిగిలారు. వాళ్ళకి నేను తప్ప చెప్పేవాళ్ళు లేరు.

వచ్చే వెర్షన్ పంపేటప్పుడు చెప్పేస్తాను. ఒక్కొక్కరికీ చెప్పడం కంటే అదే నయం.

జూన్ 10

వచ్చే వెర్షన్‌తో.

జూన్ 14

పొద్దున్నుంచీ ఫోన్ మోగుతూనే ఉంది. విత్తనాల కంపెనీలో లెక్కలు చూసే పెద్దాయన కంప్యూటర్‌లో ఇంకా పాత కాపీయే తెరుచుకుంటోందట. ఏ ఫోల్డర్‌లో ఏముందో చూసి, ఏది తీసేయాలో చెప్పాను. ఆయన అంతా విని, "మీరు చెప్పింది అర్థమైంది బాబూ, ధైర్యమే రావట్లేదు. మేడమైతే ముందు ధైర్యం చెప్పి, తర్వాత ఏం నొక్కాలో చెప్తారు" అన్నాడు. మేడం వచ్చాకే చేయించుకుంటానని పెట్టేశాడు.

నేను రాసేవాణ్ణి, తను మాట్లాడేది. మా వ్యాపారమంతా ఇంతే. ఈ ఇంట్లో రెండు గదులు, మధ్యలో ఎప్పుడూ మూయని తలుపు.

బయట మా ప్రోగ్రాంకి వేరే పేరుంది. ఇంట్లో తను పెట్టిన పేరు పెద్దకోడలు. ఆఫీసుల్లో ఎవరి డేటాబేస్ వాళ్ళకుంటుంది. ఒకచోట మందుల స్టాకు, ఒకచోట జీతాలు, ఇంకోచోట గ్రంథాలయం పుస్తకాలు. దాన్ని తయారుచేసినవాడు ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాడు. ఆ మార్చిన కాపీ ప్రతి బల్ల మీది కంప్యూటర్‌కీ చేరాలి. పూర్వం ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బల్లబల్లకీ తిరిగేవారు. ఇప్పుడు వాళ్ళు తెర మీది బొమ్మ నొక్కగానే ముందు మాది నిద్రలేస్తుంది. సర్వర్‌లో కొత్త కాపీ ఉందేమో చూసి, ఉంటే తెచ్చి, పాతది తీసేసి, తలుపు తెరిచి తప్పుకుంటుంది. అది ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు. "అందరికంటే ముందు లేచి, అన్నీ సర్ది, ఎవరి కంటా పడకుండా వంటింట్లోకి పోతుంది. ఇది ప్రోగ్రామేంటండీ, అచ్చం పెద్దకోడలు" అంది తను. మా ఇంట్లో తనూ పెద్దకోడలే. మా అమ్మ ఎదుటే అంది ఆ మాట, మా అమ్మ కూడా నవ్వింది.

పెద్దాయన పని అలాగే ఉండిపోయింది.

జూన్ 19

కంటి ఆసుపత్రిలో మందుల స్టోర్సు చూసే అమ్మాయి దగ్గర్నుంచి మెయిల్. తనకే రాసింది.

"అక్కా, ఎలా ఉన్నారు? ఆరోజు మాట్లాడుతుంటే మధ్యలోనే కట్టయింది. తర్వాత చాలాసార్లు చేశాను, ఎత్తలేదు. నా మీద కోపం లేదు కదా? మీరు చెప్పబోయిన మాట సగంలోనే ఆగిపోయింది. అది వినాలని ఉంది. ప్రోగ్రాం బాగానే ఉంది, పని గొడవేం కాదు."

ఆరోజంటే ఆరోజే.

నేను నా గదిలో ఉన్నాను. కుర్చీ చక్రాలు జరిగిన చప్పుడు వినపడింది, తర్వాత ఇంకో చప్పుడు. వెళ్ళేసరికి తను పక్కకి పడి ఉంది. హెడ్‌ఫోన్ ఊడి నేల మీద ఉంది. అందులోంచి చిన్న గొంతు, "అక్కా? హలో? అక్కా, వినపడుతోందా?" నేను తన తల ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ గొంతు అడుగుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది. ఎవరు ఆపారో తెలీదు, అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. దారిలోనే అయిపోయిందన్నారు.

తన మెయిల్ తెరిచే ఉంది. ఎప్పుడూ మూసేది కాదు. "కోపమేంటమ్మా, పిచ్చిదానా. ఫోన్ పాడైంది. ప్రస్తుతం ఊళ్ళో లేను, వచ్చాక మాట్లాడుకుందాం" అని రాశాను. కింద తన పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. పంపేశాను.

జూన్ 20

చిన్న మెయిల్. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ పిల్ల మనసు కుదుటపడి ఉంటుంది.

జూన్ 28

ఫోన్ తీసేశాను. చేసేవాళ్ళకి, ఏ ఇబ్బంది ఉన్నా మెయిల్ పెట్టమని ఒక మాట రికార్డు చేసి పెట్టాను. పని చాలా తేలికైంది. అందరికీ జవాబులు వెళ్తున్నాయి. విత్తనాల పెద్దాయనకి కూడా పంపాను. "ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి బాబాయ్‌గారూ, అది మిమ్మల్ని కరవదు" అని మొదలుపెట్టి, ఏం నొక్కాలో తర్వాత చెప్పాను. గంటలో జవాబు వచ్చింది. అయిపోయిందట. తిట్టకుండా చెప్పేది మీరొక్కరే తల్లీ అని రాశాడు.

తను ఎలా రాస్తుందో తెలియడానికి పాత మెయిళ్ళు చదువుతున్నాను. ఇన్నేళ్ళూ పక్క గదిలో ఉండి ఒక్కటీ చదవలేదు. చదవాల్సిన పనేముంది, తలుపు తెరిచే ఉండేదిగా. ఇందులో నాకు "మా ఇంటాయన" అని పేరు. మా ఇంటాయన తప్పు ఎక్కడుందో పట్టేశారు, సాయంత్రానికి సరిచేస్తారు. మా ఇంటాయనకి కంప్యూటర్ మనసు తెలుసు గాని మనిషి మనసు తెలుసుకోవడానికి ఇంకో వెర్షన్ రావాలి. మా ఇంటాయన ఈరోజు వంట చేశారు, అందుకే జవాబు ఆలస్యమైంది, కడుపులో నొప్పి.

నవ్వొచ్చింది. నవ్వి, పక్క గదివైపు తిరిగి, "ఇదేంటే?" అన్నాను. నేనున్నదే ఆ పక్క గదిలో, తన గదిలో.

జూలై 3

ఈరోజు తను చాలామందికి జవాబులిచ్చింది. అలిసిపోయింది.

జూలై 8

స్టోర్సు అమ్మాయి మళ్ళీ రాసింది. ఈసారి పెద్దది.

"అక్కా, మీరు వేరే మనిషిలా రాస్తున్నారు. పని ఎక్కువైందేమో. నేను ఇబ్బంది పెడుతున్నానేమో. కానీ మీకు తప్ప ఎవరికి చెప్పను? రెండోసారి కూడా కడుపు నిలవక నేను స్టోర్సు రూములో కూర్చుని ఏడుస్తుంటే మీరు ఏదో రిపోర్టు కోసం ఫోన్ చేశారు. నా గొంతు వినగానే రిపోర్టు సంగతి వదిలేసి, మీ పాప సంగతి చెప్పారు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో. ఆరోజు ఫోన్లో మీరు చెప్పబోయిన ఆ మాట నాకిప్పుడు మరీ అవసరం. ఒక్కసారి చెయ్యండి అక్కా."

మాకొక పాప పుట్టింది. ఒక పూట ఉంది. పేరు పెట్టలేదు.

తర్వాత తను గానీ నేను గానీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేనెత్తితే తను బాధపడుతుందని నేను. తను ఎందుకెత్తలేదో నాకు తెలీదు. మర్చిపోయిందేమో అనుకునేవాణ్ణి. ఒక తల్లి మర్చిపోతుందని అనుకున్నాను చూడు, మనిషి మనసు తెలియని మా ఇంటాయన్ని.

ఎవరో ముఖం తెలియని పిల్లకి చెప్పింది. గోడకి ఇవతల నేను కోడు రాసుకుంటూ కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. ఆరోజు తను గొంతు తగ్గించిందా? నేనే చెవులకి ఏమైనా పెట్టుకున్నానా?

జూలై 9

జవాబు రాయడం, తుడిచెయ్యడం. తను ఏం చెప్పబోయిందో నాకెలా తెలుస్తుంది. చివరికి, "ఇంకా ఊళ్ళోనే ఉన్నాను, వచ్చాక" అని పంపాను. పంపాక చూసుకున్నాను, ఊళ్ళో లేననాల్సింది ఊళ్ళోనే ఉన్నానని రాశాను.

జూలై 17

కంటి ఆసుపత్రిలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో పెద్దకోడలు లేవడం లేదు. ఇంకో రెండు చోట్ల కూడా ఇదే గోల. కంప్యూటర్లలో ఏదో మారింది, మనమూ మారాలి. దిద్దడం పెద్ద పనేం కాదు, మధ్యాహ్నానికి అయిపోయింది. పంపబోతే సంతకం గడువు తీరిపోయింది.

ఏ ప్రోగ్రాంకైనా ఒక సంతకం ఉంటుంది. ఇది ఫలానావాళ్ళు చేసినదే, దారిలో ఎవరూ కెలకలేదు అని కంప్యూటర్‌కి నమ్మకం చెప్పే సంతకం. అది లేకపోతే ఏ కంప్యూటరూ గుమ్మం ఎక్కనివ్వదు. మాది తన పేరు మీద ఉంది. మొదట్లో నేను ఉద్యోగం మానలేదు కాబట్టి కంపెనీ తన పేరు మీదే పెట్టాం.

రెన్యువల్‌కి దరఖాస్తు పెట్టాను. తన పేరు మీదే. ఊరికే వివరాలు నింపడమే అనుకుంటాను.

జూలై 21

ఊరికే నింపడం కాదట. సంతకాలిచ్చే సంస్థ నుంచి ఒకమ్మాయి, దరఖాస్తులో ఇచ్చిన నా సెల్‌కి ఫోన్ చేసింది. మేడంతోనే స్వయంగా మాట్లాడి, ఆవిడేనని రూఢి చేసుకోవాలట. ఊరెళ్ళారన్నాను. వచ్చేవారం మళ్ళీ చేస్తానంది.

గొంతు మార్చి మాట్లాడొచ్చా అని ఆలోచించాను. ఎంతసేపు ఆలోచించానో ఇక్కడ రాయను.

జూలై 24

వదిన వచ్చింది. మధ్యాహ్నం, చెప్పకుండా. చెప్పులు విడుస్తూనే, "చెల్లి ఏది?" అంది.

నాకర్థం కాలేదు.

"ఊరెళ్ళిందటగా మరిదిగారూ. ఏ ఊరో చెప్పండి. నేనూ వెళ్తాను."

వదిన పనిచేసే కాలేజీ ఆఫీసుకి కంప్యూటర్లు బాగుచెయ్యడానికి బయటి నుంచి ఒకతను వస్తాడు. అతనికి ఇంకా చాలా ఆఫీసులున్నాయి, మా ప్రోగ్రాం ఉన్నవి కూడా. నిన్న వైర్లు సర్దుతూ, "మీ చెల్లెలుగారు ఎంత మంచివారండీ. ఊళ్ళో లేకపోయినా శనివారం నాకు జవాబిచ్చారు" అన్నాడట. ఆఫీసంతా తలలెత్తి చూసిందట.

"లేచి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం మరిదిగారూ, నిజమేనేమో అనుకున్నాను. దాన్ని దగ్గరుండి సాగనంపినదాన్ని. నిజమేనేమో అనుకున్నాను."

వదిన నేరుగా తన చెల్లి కంప్యూటర్ దగ్గరికి నడిచింది.

"చూపించండి."

చూపించాను. వదిన నిలబడే చదివింది. కళ్ళజోడు తేలేదు, తెర మీదికి వంగి చదివింది. విత్తనాల పెద్దాయనకి రాసిన దగ్గర ఆగింది. "మంచినీళ్ళు తాగమనడం దాని మాటే" అంది. పెదవి నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత స్టోర్సు అమ్మాయికి రాసింది చూసింది.

"పిచ్చిదానా అంట. అది నన్నొక్కదాన్నే అనేది. ఇంకెవర్నీ అనలేదు. మీరెక్కడ విన్నారు?"

"మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే."

"అది కూడా పంచిపెట్టేశారా?"

వెళ్ళి మంచం అంచు మీద కూర్చుంది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"నాకు రోజూ ఎవరో ఒకరు ఎదురొచ్చి అయ్యో అంటారు. కూరగాయలావిడ కూడా. మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడా అయ్యోలే నన్ను నడిపిస్తున్నాయి. ఇంతమంది దాన్ని అక్కా, అమ్మా, తల్లీ అంటున్నారే. వీళ్ళలో ఒక్కరి చేత కూడా దానికోసం అయ్యో అనిపించలేదు మీరు."

"నోరు రావట్లేదు వదినా."

"నాకు వచ్చిందా? దాని చీర మడతపెట్టి, ఆ చేత్తోనే ఫోన్ తీసుకుని అందరికీ చెప్పాను. నాకెవరిచ్చారు నోరు?"

టీ పెట్టాను. తాగింది. రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి చూసింది.

"దాని కుర్చీలోనే కూర్చుని రాస్తున్నారా?"

"అవును."

"ఎత్తు కూడా మార్చలేదు. మోకాళ్ళు నొప్పెట్టవూ?"

నొప్పెడుతున్నాయి.

జూలై 25

శనివారం. ఎవరికీ జవాబివ్వలేదు.

జూలై 29

సంతకాల అమ్మాయి మళ్ళీ చేసింది. ఈ సంభాషణ రికార్డు అవుతుందని మొదట చెప్పింది.

"మేడంతో మాట్లాడాలండీ."

"లేరు."

"పోయినవారం కూడా అలాగే అన్నారు సార్. ఎప్పుడొస్తారు?"

"రారు."

"సార్?"

"చనిపోయారు. ఏప్రిల్‌లో."

వచ్చేసింది. అంత మాటా ఎవరో ముక్కూ ముఖం తెలియని పిల్లతో. అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. "అయ్యో" అంది. అనకూడదేమో, వాళ్ళకి రూలుంటుందేమో. అయినా అంది. తర్వాత గొంతు సవరించుకుని, ఆ పేరు మీద ఇక కుదరదని, నా పేరు మీద కొత్తగా పెట్టుకోమని, ఏమేం పంపాలో చెప్పింది. చివర్లో, "జాగ్రత్తండీ" అని పెట్టేసింది.

వంటింట్లోకి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఏడవడం ఇలా ఉంటుందని తెలీదు. డొక్కలు నొప్పెట్టాయి. లేవడానికి స్టవ్ గట్టు పట్టుకోవాల్సి వచ్చింది.

ఆగస్టు 5

నా పేరు మీద సంతకం వచ్చింది. ఇక ప్రతి కంప్యూటరూ ఒకసారి అడుగుతుంది, ఇంతకుముందు వేరే పేరుండేది, ఈ కొత్త పేరుని నమ్మవచ్చా అని. జవాబు నేను ముందే చెప్పాలి.

కొత్త కాపీ తెచ్చినప్పుడు పెద్దకోడలు చిన్న పెట్టెలో ఒక మాట చూపిస్తుంది. ఏం మారిందో రెండు ముక్కలు. అవి ఎప్పుడూ తనే రాసేది. పెట్టె పెద్దది చేద్దామంటే ఒప్పుకునేది కాదు. నాలుగు వాక్యాల్లో చెప్పలేనిది ఎవరూ చదవరు అనేది.

పొద్దున్నుంచీ రాస్తున్నాను. రాసింది ఇది.

"ఇన్నేళ్ళూ మీతో ఫోన్లో మాట్లాడిన నా భార్య ఏప్రిల్‌లో చనిపోయింది. జూన్ నుంచి తన పేరుతో మీకు జవాబులు రాసింది నేను. చెప్పడానికి నోరు రాలేదు, క్షమించండి. ఇకమీద ఈ ప్రోగ్రాం మీద నా పేరుంటుంది, ఫోన్ నేనే ఎత్తుతాను."

వదినకి ఫోన్లో చదివి వినిపించాను. "మంచిది అని ఒక మాట వెయ్యకూడదూ? మంచి మనిషి అని" అంది. వాళ్ళకి తెలుసు వదినా అన్నాను. అవతల ఏడుపు వినపడింది. వేరే మాటేం చేర్చలేదు.

ఆగస్టు 7

ఆఫీసులు తెరిచే వేళకి ముందే పంపేశాను. ఫోన్ తగిలించాను. టీ కలుపుకుని తన కుర్చీలో కూర్చున్నాను.

ఎంతకీ మోగలేదు. ఒక్కటీ. ఎక్కడో ఏదో తప్పు జరిగి కాపీలు వెళ్ళలేదేమోనని సర్వర్ చూశాను. అన్నీ వెళ్ళాయి. ఒక్కొక్క కంప్యూటరూ లేస్తోంది, తీసుకుంటోంది, చూపిస్తోంది. ఊరి నిండా, వేరే ఊళ్ళలో, బల్లల మీద, ఆ పెట్టె.

మొదట విత్తనాల పెద్దాయన చేశాడు.

"బాబూ, నేను."

"చెప్పండి."

"ఆ పెట్టె వచ్చింది."

"అవునండీ."

"కింద ఒకటే బటనుంది. సరే అని. దేనికి సరే అనాలి బాబూ?"

నేను ఆలోచించనే లేదు. ఆ బటన్ మీద ఎప్పుడూ సరే అనే ఉంటుంది. అది నొక్కితే గాని ప్రోగ్రాం తెరుచుకోదు.

"ఇవాళ జీతాలు వెయ్యాలి" అన్నాడాయన. "నా వెనకాల అందరూ నిలబడి ఉన్నారు. చదివారు. ఎవరూ నొక్కమనట్లేదు. నాకూ చెయ్యి రావట్లేదు."

"నొక్కండి. తనైనా నొక్కమనే అనేది."

"ముందు మంచినీళ్ళు తాగమనేది."

"తాగండి."

నిజంగానే తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. "మీరు పెట్టెయ్యకండి, ఉండండి" అన్నాడు. ఉన్నాను. నొక్కిన చప్పుడు కూడా వినపడింది.

"తెరుచుకుందా?" అన్నాను.

"తెరుచుకుంది."

ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. వెనకాల ఎవరో ముక్కు చీదుకున్నారు. జూన్‌లో వచ్చిన ఆ మంచినీళ్ళ మెయిల్ మీదేనా అని అడిగాడు. నాదేనన్నాను. "తేడా తెలీలేదు" అన్నాడు. నిష్ఠూరమో, ఓదార్పో.

ఆ తర్వాత ఇక ఆగలేదు. గ్రంథాలయంలో ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఏడ్చి పెట్టేసింది. కంప్యూటర్లు బాగుచేసే అతను, వదిన ముందు అలా అన్నందుకు తల కొట్టేసినట్టుందన్నాడు. తప్పు అతనిది కాదన్నాను. ఒకాయన చాలా కోపంగా మాట్లాడాడు. చచ్చిపోయిన మనిషి పేరుతో ఉత్తరాలేంటండీ, మేమేం పిచ్చివాళ్ళలా కనపడ్డామా అన్నాడు. క్షమించమన్నాను. కాసేపటికి ఆయనే మళ్ళీ చేసి, "మా అబ్బాయి పరీక్షలప్పుడు ఆవిడ రోజూ ఫోన్ చేసి అడిగేవారు, వాడికి చెప్పలేను" అన్నాడు.

స్టోర్సు అమ్మాయి చెయ్యలేదు.

ఆగస్టు 10

ఇంకా చెయ్యలేదు. ఆసుపత్రిలో ప్రోగ్రాం బాగానే నడుస్తోంది, సర్వర్‌లో కనపడుతోంది. సరే నొక్కింది.

ఆగస్టు 12

కంటి ఆసుపత్రికి వెళ్ళాను.

స్టోర్సు కింద అంతస్తులో, వెనకవైపు. అరల నిండా చుక్కల మందుల పెట్టెలు, మూలన గుర్రుమనే ఫ్రిజ్. ఫలానా అని చెప్పగానే ఆ అమ్మాయి బల్ల పట్టుకుని లేచింది. అప్పుడు చూశాను. నిండు నెలలు కాదు గాని తెలుస్తోంది. లేవకమ్మా, కూర్చో అన్నాను. కూర్చోలేదు.

"ఆ మెయిళ్ళు మీరా సార్?"

"నేనే."

"అక్కకి నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. వచ్చాక మాట్లాడుకుందాం, వచ్చాక మాట్లాడుకుందాం. ఎప్పుడూ అదే. ఇక రాయకూడదనుకున్నాను. అక్క మీద కోపం కూడా తెచ్చుకున్నాను సార్. లేని మనిషి మీద."

క్షమించమని అడగడానికే వెళ్ళాను, అడిగాను. తల ఊపింది. అది ఔనో కాదో తెలీలేదు. ఒక నర్సు వచ్చి మందులు తీసుకుని వెళ్ళింది. నర్సు వెళ్ళాక ఆ అమ్మాయే మొదలుపెట్టింది.

"ఆరోజు ఫోన్లో వినపడింది సార్. ఏదో పడ్డట్టు. నేను ఫోన్ పడిపోయిందేమో అనుకున్నాను. హలో హలో అంటూనే ఉన్నాను. ఆ పెట్టె చదివాక, ఆ చప్పుడేంటో అర్థమైంది."

"తనేం చెప్తోంది అప్పుడు?"

అడగాలనుకోలేదు. అడిగేశాను.

"నాకు ఆ వారమే తెలిసింది సార్, మళ్ళీ నిలిచిందని. సంతోషం కంటే భయం. లేచి తిరగాలంటే భయం. అక్కకి అది చెప్దామనే చేశాను. అక్క అన్నారు, 'పాప పోయాక నేనూ మంచం దిగలేదే అమ్మాయీ. తిండి లేదు, స్నానం లేదు. ఒకరోజు మా ఇంటాయన గుమ్మంలో నిలబడి ఒక మాటన్నారు. ఆ మాటకి లేచి కూర్చున్నాను. ఇప్పటికీ కాళ్ళు ఆడకపోతే అదే తలుచుకుంటాను. ఆయనకి తెలీదులే' అన్నారు. ఏం మాటక్కా అన్నాను. నవ్వారు. అంతే సార్. నవ్వారు, అంతే."

ఫ్రిజ్ ఆగింది. ఎంత చప్పుడు చేస్తోందో అది ఆగితే గాని తెలీలేదు.

"ఏం మాట సార్ అది?"

కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. చేతులు రెండూ కడుపు మీద ఉన్నాయి.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

"ఏదో ఒకటి అనుంటారుగా."

"అన్నానని కూడా నాకు తెలీదు. ఇప్పుడు నువ్వు చెప్తేనే."

అబద్ధాలు రాసినవాణ్ణి కదా, ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు.

ఆ అమ్మాయి కుర్చీ వెనక్కి లాక్కుని మెల్లగా కూర్చుంది. "గుర్తొస్తే చెప్పండి సార్. ఎప్పుడైనా పర్లేదు, నవంబరు దాకా టైముంది" అంది. తర్వాత, "పని మీద కూడా చెయ్యొచ్చా మీకు?" అంది. చెయ్యమన్నాను.

ఆగస్టు 13

"నేనున్నాను" అన్నానా? నేనలాంటివి అనను. "జరిగిందేదో జరిగింది" అన్నానా? అంటే తను లేచి కూర్చునేది కాదు, అటు తిరిగి పడుకునేది. "లే, చల్లారిపోతోంది" అన్నానా? చేతిలో పళ్ళెం ఉన్నట్టు గుర్తు. లేక అది వేరే రోజా? "కిటికీ తియ్యనా?" అన్నానా? "నాకు కనపడటం లేదు, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అన్నానా? అదైనా అయ్యుండొచ్చు. తనకి నవ్వొచ్చిందంటే అలాంటిదే అయ్యుంటుంది. నవ్వింది కదా, ఆ అమ్మాయి అడిగినప్పుడు.

వదినకి ఫోన్ చేశాను. ఆ రోజుల్లో వదినే వచ్చి ఉంది కొన్నాళ్ళు. తనకేమీ తెలీదంది. "మీ ఇద్దరి మధ్య మాట నాకెందుకు చెప్తుంది?" అంది. అంతలోనే, "ఒకరోజు పొద్దున నేను పాలు కాస్తుంటే అదంతటదే లేచి వంటింట్లోకి వచ్చింది. ఏమైందే అంటే, ఏం లేదక్కా, ఆకలేస్తోంది అంది" అని చెప్పింది.

అప్పుడు తను పడుకున్న గది గుర్తుంది. పరదా రంగు గుర్తుంది. నావైపు తన వీపుంది, జడ విప్పేసి ఉంది. తలుపు చెక్కకి ఆనించిన నా చెయ్యి గుర్తుంది. మాట ఒక్కటే లేదు. ఇన్నేళ్ళు తను దాచుకుంది, వాడుకుంది, నాకు మాత్రం చెప్పలేదు. ఇప్పుడది ఎవరి దగ్గరా లేదు.

మధ్యాహ్నం భోజనం చేశాక ఆ గది గుమ్మంలో నిలబడ్డాను, అప్పటిలాగే తలుపుకి చెయ్యి ఆనించి. మంచం మీద దుప్పటి ఒకవైపే నలిగి ఉంది. నోరు తెరిచి నిలబడ్డాను, ఆ మాట అలవాటు మీద వచ్చేస్తుందేమోనని.